గట్టు అవతల నాలుగు సాళ్ల కంది

ఉద్దానం బావ పోయాడు. అప్పటికి కార్తీకమాసం ఇంకా పూర్తి కాలేదు. బుధవారం పొద్దున్న నేను చేలో పత్తి తీస్తుంటే మా అప్ప ఫోన్ చేసి "మీ బావ ఎల్లిపోనాడురా" అంది. ఒడిలో ఉన్న పత్తిని సంచిలో పోసి మూతి ముడివేస్తూ నేను ఏమనుకున్నానో చెప్తే మీరు నవ్వుకుంటారు. రేపు గురువారం కదా, బండిలో పెట్రోలు పోయించాలి అనుకున్నాను. సోమవారం, గురువారం ఆయన పలాస ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకునే రోజులు. సోమవారం తీసుకెళ్లే వంతు ఆయన అల్లుడిది, గురువారం నాది. మనిషి లేడన్న కబురు చెవిన పడ్డాక కూడా నా బుర్ర కాసేపు ఆ పెట్రోలు దగ్గరే ఆగిపోయింది.

నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకుందామని ఇది మొదలుపెట్టలేదు. ఆయన గురించి రాయాలంటే నా గురించి ఒక చెడ్డ మాట కూడా రాయాలి. దాని చోటు వచ్చినప్పుడు దాచకుండా రాస్తాను.

అప్ప మా పెదనాన్న కూతురు. మా నాన్నా పెదనాన్నా పొలం పంచుకున్నప్పుడు మధ్యలో ఒక గట్టు వేసుకున్నారు. గట్టుకు తూర్పున ఉన్నది నాకు వచ్చింది, పడమరది అప్పకు వచ్చింది. బావ పుట్టి పెరిగింది ఉద్దానంలో, సముద్రపు గాలి తగిలే ఊళ్లో. తుపానుకి కొబ్బరితోట మొత్తం నేలకొరిగాక, మళ్లీ మొక్క నాటి అది కాపుకొచ్చేదాకా ఏం తింటామని, భార్య వాటా భూమి చేసుకుందామని మా ఊరు వచ్చేశాడు. మాది టెక్కలి నుంచి కొండల వైపు వెళ్తే తగిలే మెట్ట ఊరు. మా జిల్లా పేరెత్తితే అందరికీ జీడిపప్పు, కొబ్బరి గుర్తొస్తాయి గానీ మా ఎర్రనేలల్లో పత్తి కూడా బాగానే పండుతుంది. ఊరంతా ఆయన్ని ఉద్దానం బావ అనేది. వరసకి బావ కానివాళ్లకి కూడా ఆయన బావే.

బావాబావమరుదుల మధ్య మా వైపు మామూలు మాటలు సాగవు. ఏ మాట ఎత్తినా పక్కన ఒక ఎకసెక్కం ఉండాల్సిందే. మొదటి ఏడు ఆయన పత్తిచేను ముందు నిలబడి తలగోక్కుంటుంటే, చెట్టెక్కి కాయ దింపేవాడివి, ఇప్పుడు నడుం వంచాలి బావా అని నేను ఏడిపించాను. దానికి ఆయన, "కొబ్బరికాయైతే పడ్డప్పుడు దబ్బుమంతాది, ఊరందరికీ తెలస్తాది. ఇదేటిరా బామ్మర్దీ, పగిలినా సప్పుడుండదు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు నిలిచింది. ఎవరైనా మౌనంగా అలిగితే పత్తికాయ పగిలింది అనుకునేవాళ్లం.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం పని ఆపి గట్టు మీదకి వచ్చి, భుజం మీది తుండు తీసి మడత విప్పి గట్టు పొడుగునా పరిచేవాడు. సగం మీద తను కూర్చుని మిగతా సగాన్ని చేత్తో తట్టేవాడు. పిలవడం అంటూ ఉండదు, ఆ చప్పుడే పిలుపు. నేను నా చేలో ఎక్కడున్నా చూసుకుని వెళ్లేవాణ్ణి. ఇద్దరం ఒకే తుండు మీద, ఆయన కాళ్లు ఆయన పొలంలో, నా కాళ్లు నా పొలంలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. మీకు చిన్న విషయంలా ఉండొచ్చు. నాకు ఇప్పుడు ఆ గట్టు వైపు చూడటానికే కష్టంగా ఉంది.

ఆయన వచ్చిన కొత్తలో కాయతొలిచే పురుగు మమ్మల్ని ఏడిపించేది. వారానికో మందు, మందు మీద మందు కలిపి కొట్టేవాళ్లం. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వీపు మీద స్ప్రేయరు ఉండగానే బావ సాలు మధ్యలో కూలబడి వాంతులు చేసుకున్నాడు. నేనూ అప్పా మోసుకెళ్లాం. ఆ తర్వాత మందు వాసన తగిలితే ఆయన కడుపు తిప్పేసేది. అలాంటి సమయంలో బీటీ విత్తనం వచ్చింది. ఆ పురుగుని చంపే గుణాన్ని గింజలోనే పెట్టిన విత్తనం. ఊళ్లో అందరికంటే ముందు వేసింది ఆయనే. ఎందుకు వేశావంటే దిగుబడి అనలేదు, "మందు కొట్టలేకేరా" అన్నాడు.

నేనూ చాలా ఏళ్లు అదే వేశాను. తర్వాత మా ఊళ్లో పన్నెండుమందిమి కలిసి సేంద్రియ సంఘం పెట్టుకున్నాం. మందుల్లేకుండా, మార్పిడి చేయని పాత రకం విత్తనంతో పత్తి పండిస్తే కొనుక్కునేవాళ్లు దొరికారు. శ్రీకాకుళంలో శిక్షణకి వెళ్లొచ్చి నేను గట్టు మీద కూర్చుని బావకి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. జన్యుమార్పిడి అన్నాను, పుప్పొడి అన్నాను, విత్తనం మన చేతుల్లోంచి జారిపోయి ప్రతి ఏడూ కొట్టు ముందు నిలబడాల్సి వస్తోందన్నాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. బీడీ మానేసి చాలా కాలమైనా, ఆలోచించేటప్పుడు ఒక గడ్డిపోచ అలాగే రెండు వేళ్ల మధ్య పెట్టుకునేవాడు.

"నువ్వు సెప్పిన దాంట్లో అబద్దం లేదు. కొట్టోడి సుట్టూ తిరగడం నాకూ నచ్చదు. గానీ నాను మందుకి జడిసి ఈ ఇత్తనం ఏసినాను, నువ్వు మందుకి జడిసి ఆ ఇత్తనం ఏత్తన్నావు. ఇద్దరం ఒకదానికే జడిసినాం కదరా బామ్మర్దీ" అన్నాడు.

అప్పుడు నాకు ఆ మాట రుచించలేదు. శిక్షణలో చెప్పిన మాటలు నోట్లో నానుతున్న రోజులు. నాది ధర్మమనీ, ఆయనది తెలియనితనమనీ లోపల ఒక లెక్క ఉండేది. తర్వాత కొన్నేళ్లకి గులాబీరంగు పురుగు బీటీ కాయని కూడా తొలిచేయడం మొదలుపెట్టినప్పుడు, చూశావా అని గెలిచినవాడిలా అడిగాను. "పురుగు కూడా సదువుకుంటాదిరా, మనమే ఒకే కళాసులో ఉండిపోనాం" అని నవ్వేశాడు. వాదనలో ఓడిపోయి నవ్వగలిగిన మనిషిని ఆయన తర్వాత నేను చూడలేదు.

సంఘం నియమం ప్రకారం నా పత్తికీ పక్క బీటీ పత్తికీ మధ్య కొంత ఎడం ఉండాలి. ఆ ఎడం నా భూమిలోంచే వదులుకోవాలి. నాది సన్నటి చెక్క. వదిలితే మిగిలేదేమీ లేదు. ఏం చేయాలో తోచక రెండు రోజులు గట్టు మీద అటూఇటూ తిరిగాను. మూడో రోజు వెళ్లేసరికి బావ తన వైపు, గట్టు పొడుగునా, నాలుగు సాళ్లు కంది విత్తేస్తున్నాడు. కంది ఏపుగా పెరిగి తెరలా అడ్డం ఉంటుందని ఆయన ఆలోచన. పూతలు ఒకేసారి రాకూడదని తన పత్తిని కూడా నా తర్వాత పదిహేను రోజులు ఆగి వేశాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దండం పెట్టాల్సిన చోట నేను, కందిపప్పు మాకూ పంపిస్తావా అని హాస్యమాడాను.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఏడు మా మీద పిడుగు పడింది.

పత్తి కొనేవాళ్లు కాయ పట్టే సమయంలో ఒక మనిషిని పంపి పరీక్ష చేయిస్తారు. చేలో అక్కడొకటి ఇక్కడొకటి ఆకులు కోసి, చిన్న గొట్టంలో వేసి నలిపి, నీళ్లు పోసి, అందులో ఒక కాగితపు పుల్ల ముంచుతారు. ఒక గీత పడితే మంచిది. రెండు పడితే ఆ చేలో బీటీ ఉన్నట్టు. మా ఆడవాళ్లు దీన్ని కడుపు పరీక్ష అని నవ్వుకునేవారు. ఆ ఏడు నా చేను దగ్గర ఎవరూ నవ్వలేదు. రెండో గీత గులాబీ రంగులో తేలింది. ఇంకో పుల్ల ముంచినా అదే పడింది.

మా పన్నెండుమందికీ కలిపి ఒకటే సర్టిఫికెట్. ఒకరి చేలో తప్పు దొరికితే అందరిదీ ఆగుతుంది. ఆదివారం బడి వరండాలో సమావేశం పెట్టారు. సంఘం పెద్దగా ఉన్న మా వీధి చివరింటి వదిన కోపం చేసుకోకుండానే విషయం చెప్పింది. తప్పు మన పద్ధతిలో ఉంటే పన్నెండుమందికీ ఈ ఏడు పోయినట్టే. పక్క చేను నుంచి వచ్చిందని తేలితే నా ఒక్క చెక్క పక్కనపెట్టి మిగతా వాళ్లది కొంటారు. అలా అయితే ఎక్కడినుంచి వచ్చిందో రాసివ్వాలి, పక్క రైతు కూడా సంతకం పెట్టాలి.

పదకొండు జతల కళ్లు నా వైపు తిరిగాయి. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఇంకెక్కడినుంచి వత్తాది, గట్టు అవతలినుంచే" అన్నాను. బావ మా సంఘంలో లేడు. అయినా సంగతి తెలిసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అందరి ముందూ అలా అంటున్నప్పుడు నేను ఆయన వైపు చూడలేదు, ఆయన నాలుగు సాళ్ల కంది గుర్తు చేసుకోలేదు, ఆయన ఆలస్యంగా విత్తిన సంగతీ చెప్పలేదు. ఆయనే లేచి వచ్చి, "నా పూత వల్లే ఐతే నాను కాదనను. ఏటి సేత్తే మీ కాగితం నిలబడతాదో సెప్పండి" అన్నాడు. కాగితం నా చేత్తోనే రాశాను. ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదు. చదవకుండానే సంతకం పెట్టాడు.

మర్నాడు ఆయన గట్టు పక్కన కందిని ఆనుకుని ఉన్న ఎనిమిది సాళ్ల పత్తిని నరికేశాడు. కాయలతో ఉన్న పత్తి. వచ్చే ఏడు నుంచి ఆ చెక్కలో పత్తే వేయనని సంఘానికి మాటిచ్చాడు కూడా. నేను నా చేలో నిలబడి ఆ కత్తి చప్పుడు వింటూ ఉండిపోయాను. ఆపమని ఒక్క మాట అనుంటే ఆపేవాడేమో. అనలేదు.

ఆ తర్వాత గట్టు మీద ఎదురైనప్పుడు, "ఏం బాబూ, పత్తి తీత అయిందా మీకు?" అని అడిగాడు. మీకు అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకి మీరు అయిపోయాను. బావ బామ్మర్దిని మీరు అన్నాడంటే మా వైపు ఇంక చెప్పేదేమీ లేదు. తిడితే తిరిగి తిట్టేవాణ్ణి, నాలుగు రోజులకి కలిసిపోయేవాళ్లం. ఆ మర్యాదని ఏమని తిట్టను? మధ్యాహ్నం తుండు పరవడం కూడా మానేశాడు. నాలుగు మడతలు పెట్టి, ఒక్క మనిషికి సరిపోయేలా వేసుకుని కూర్చునేవాడు.

మరుసటి ఏడు ఆయన ఆ చెక్కలో కొంత చోళ్లు, అదే రాగులు, కొంత నువ్వులు వేశాడు. అయినా నాలుగు సాళ్ల కంది మాత్రం మానలేదు. ఇంకా అవతలివాళ్ల పత్తి ఉంది కదా, గాలి అక్కణ్ణుంచి కూడా వస్తుంది అన్నాడట. తప్పు చేశాడు కాబట్టి సర్దుకుంటున్నాడని నేను అనుకున్నాను. ఇంత నీచంగా అనుకున్నానని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అనుకున్న మాట నిజం.

ఆ ఏడు కూడా నా చేలో రెండో గీత పడింది. లేతగా పడింది, కానీ పడింది. ఆయన పత్తే వేయలేదు కదా, మరి ఎక్కడిది? సంఘంలో దూరపు గాలి అన్నారు. నేనూ ఔనన్నాను.

ఇప్పుడు ఆ చెడ్డ మాట. మొదటిసారి రెండు గీతలు పడ్డ ఏడాదే, విత్తడానికి నాలుగు నెలల ముందు, నేను పాడిగేదెను కొన్నాను. మా నియమాల్లో బయటి ఎరువు పనికిరాదు, మన పశువు పేడతో అయిన గెత్తమే చేలో వేయాలి. నా గేదె, నా గెత్తం అని మహా గర్వంగా ఉండేది. వెన్న బాగా పడుతుందని దానికి పత్తిగింజలు నానబెట్టి పెట్టేవాణ్ణి. గింజల బస్తా టెక్కలి దాణా కొట్టు నుంచి తెచ్చి పశువుల శాలలో గెత్తం కుప్పకి దగ్గరగా ఉన్న మూల పెట్టేవాణ్ణి. చిల్లులోంచి రాలిన గింజలు రోజూ పేడతో పాటు ఊడ్చి కుప్ప మీద పోసేవాళ్లం. కొట్లో దొరికే పత్తిగింజ ఏ పత్తిది? ఊరూరా పండే బీటీ పత్తిదే. చేలో ఏం పడుతోందో పుస్తకాల్లో రాసుకున్నాం గానీ గేదె ఏం తింటోందో మాలో ఒక్కడికీ రాయాలని తోచలేదు.

రెండో పరీక్ష అయిన తర్వాత, మార్గశిరంలో తుపాను వాన కురిసి వెలిసిన పొద్దున్న, గెత్తం కుప్ప వెనక గోడవారన రెండాకుల మొక్క ఒకటి కనబడింది. గింజ తొక్క ఇంకా ఒక ఆకు కొనకి అతుక్కుని ఉంది. పత్తి మొక్క. గెత్తంతో పాటు ఆ గింజలు చేలోకి నేనే తోలుకున్నాను. సాలు తప్పి మొలిచిన మొక్కలు కూడా పత్తే కదా, ఎందుకు పీకడం అని ప్రేమగా ఉంచుకున్నదీ నేనే.

ఆ రోజే పత్తిగింజలు మానేశాను. గేదెకి అరగడం లేదని ఇంట్లో చెప్పాను. మిగిలిన పాత గెత్తం కుప్పని దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాను. మరుసటి ఏడు పరీక్షలో ఒక్క గీతే పడింది. సంఘం వాళ్లు, ఉద్దానం బావ పత్తి మానేసిన ఫలితం రెండో ఏటికి కనబడింది అనుకున్నారు. బడి వరండాలోనే నాకు శాలువా కప్పారు. బావ అదే మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. చెప్పాల్సిన సమయం అదే. వరండా, మనుషులు, వదిన, బావ, అన్నీ ఉన్నాయి. నేను శాలువా సర్దుకున్నాను. చెప్తే సర్టిఫికెట్ పోతుందేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. సిగ్గు.

ఈలోగా ఆయన ఒళ్లు పాడైంది. ఉద్దానం వాళ్లని పట్టుకున్న కిడ్నీ జబ్బే. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. మొదట రక్తంలో క్రియాటినిన్ పెరిగిందన్నారు, తర్వాత రక్తం శుద్ధి చేసే మిషన్ అన్నారు. గురువారం నువ్వు తీసుకెళ్తావా అని అప్ప అడిగినప్పుడు నాకు ఊరట కలిగింది. దారిలో ఎక్కడో ఒకచోట చెప్పేస్తాను అనుకున్నాను. బండి మీద వెనక కూర్చుని ఆయన నా భుజం పట్టుకునేవాడు కాదు, సీటు వెనక ఉన్న కమ్మీ పట్టుకునేవాడు. చివరి రెండు నెలలు ఒంట్లో బలం లేక భుజం పట్టుకున్నాడు. ఆ చేతికి బరువు లేదు.

పలాసలో మిషన్ అయ్యాక ఒక టీకొట్టు దగ్గర ఆగేవాళ్లం. పక్క వీధుల్లో జీడిగింజలు కాల్చే పొగ వాసన వచ్చేది. ఆయనకి నీళ్లు కూడా కొలతే. సగం గ్లాసు టీ తాగి మిగతా సగం నా గ్లాసులో వంపేవాడు. ఒక గురువారం అక్కడ కూర్చుని, ఇప్పుడు వరికి కూడా జన్యువు సవరించిన వంగడాలు వస్తున్నాయట కదా అని అడిగాడు. ఔనన్నాను. దాన్లో బయటి జన్యువేదీ పెట్టరట, ఉన్నదాన్నే దిద్దుతారట అని నాకు తెలిసింది చెప్పాను. "ఐతే దానికి రెండో గీత పడదన్నమాట. ఎవల సేలో ఏటుందో పుల్లకి తెలవదు. అప్పుడు మనిసి నోటితో సెప్తే తప్ప తెలవదు కదండీ" అన్నాడు.

నా నోట్లో టీ అలాగే ఉండిపోయింది. ఆయన నా వంక చూడకుండా, "గేదె పాలు బాగా ఇత్తందా?" అని అడిగాడు. ఇస్తోందన్నాను. ఏం పెడుతున్నారని అడిగాడు. తవుడు, ఉలవలు అన్నాను. "మంచిది" అని గ్లాసు కింద పెట్టాడు. నేను బండి తీశాను. ఇప్పుడు తలుచుకుంటే, అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ టీ తాగలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక చుట్టాలు సర్దుకుంటున్నారు. అప్ప నన్ను పెరట్లోకి పిలిచి, మేకకి ఆకు వేస్తూ ఆ మాట ఎత్తింది. నువ్వు కాగితం రాసిన నెలకే మీ బావ చూశాడు అంది. వాన పడ్డ మర్నాడల్లా పొద్దున్నే చేలోకి పోతూ మా గెత్తం కుప్ప దగ్గర ఆగేవాడట. మొలిచిన పత్తి మొక్కలు పీకి, తుండులో మూటకట్టి తెచ్చి ఈ మేకకే వేసేవాడట. అప్ప ఊరుకోలేదు. సంతకం పెట్టి పంట నరుక్కున్నావు, సమావేశంలో చెప్పెయ్యి అని పోరిందట.

"సెప్తే ఆడు నా మొకం సూడలేడే, ఆడే తెలుసుకుని సెప్తాడులే అన్నాడు. తర్వాత మొక్కలు మొలవడం ఆగిపోనాది. ఇంక ఆడికి తెలిసిపోనాదే అని ఆ రోజు ఎంత సంబరపడ్డాడో. అప్పటినుంచి గురువారం గురువారం నీ బండెక్కీటప్పుడు, ఈయేళ సెప్తాడేమో అనీవోడు" అంది.

నేను మేక తాడు పట్టుకుని నిలబడ్డాను. బయట మీరు మీరు అన్నవాడు ఇంట్లో నన్ను ఏమనేవాడని అడిగాను. అప్ప నా వైపు వింతగా చూసింది. "ఏటంతాడు? మా బామ్మర్దనే అనీవోడు" అంది.

ఎన్ని గురువారాలు? నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టను. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, ఆయన నా వీపు వైపు చూస్తూ ఎదురుచూశాడు. నేను రోడ్డు చూస్తూ ఉన్నాను.

జన్యుమార్పిడి విత్తనం గురించి నా అభిప్రాయం మారలేదు. ఒకరి చేలో గుణం అడగకుండా ఇంకొకరి చేలోకి రాకూడదనే ఇప్పటికీ అంటాను. పాత విత్తనం కలగాపులగమైతే మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదనీ అంటాను. కాకపోతే ఆ మాట అనేముందు నా శాలలో ఏముందో చూసుకోవాల్సింది. బీటీ వేసిన మనిషి నాలుగు సాళ్ల భూమి వదిలి నా చేనుకి కాపలా కాశాడు. సేంద్రియం చేసే నేను కల్తీ తెచ్చి ఆయన పేరు మీద రాశాను.

పోయిన ఆదివారం బడి వరండాలో అందరి ముందూ లేచి చెప్పాను. పాత కాగితం తప్పని ఇంకో కాగితం రాసిచ్చాను. శాలువా కూడా మడతపెట్టి వదిన చేతికిచ్చాను. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఆయన ఉన్నప్పుడు సెప్పుంటే బాగుణ్ణు కదా నాయనా" అంది. ఇంకే శిక్ష వేసినా ఇంత బాధ ఉండేది కాదు. సర్టిఫికెట్ సంగతి పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. ఏమైనా పడతాను.

అక్కణ్ణుంచి తిన్నగా చేలోకి వెళ్లాను. ఈ ఏడు ఆషాఢంలో బావ తను నడుం వంచలేక, గట్టు పక్కన నాలుగు సాళ్లూ అప్ప చేత దగ్గరుండి విత్తించాడట. కంది ఇప్పుడు నిలువెత్తు ఉంది, పచ్చటి పూతతో నా పత్తి వైపు ఒరిగి ఉంది. భుజం మీది తుండు తీసి మడత విప్పి గట్టు పొడుగునా పరిచాను. సగం మీద కూర్చున్నాను. గాలి పడమర నుంచి వస్తోంది. మిగతా సగం మీద కందిపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.